పాషండశబ్దమును ఆంధ్రజైనుల గతియు

పలాస టెక్కలి ప్రాంతములకుఁ దూర్పున, సముద్రపుటొడ్డున, కొబ్బరితోఁటల నడుమ నక్కుపల్లి మున్నగు గ్రామములు గల సీమకు ఉద్దానమని పేరు. విద్య విద్దె యైనట్లు ఉద్యానము ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఇచ్చట రూపము మాఱినను నర్థము చెడలేదు. తోఁట తోఁటగనే యున్నది. కాని యీ కళింగభూమియందే యొకప్పుడు మన్ననతో శిలపైఁ జెక్కఁబడి, కాలక్రమమున నర్థము చెడి, తుదకుఁ గొందఱి ప్రాణములకు ముప్పు తెచ్చిన శబ్దమొకటి కలదు. అది పాషండశబ్దము.

ఉద్దానమున కుత్తరముగ, గంజాము మండలమున, ఋషికుల్యాతీరమునందలి జౌగడలో నశోకుని శాసనములు గలవు. క్రీ. పూ. 3వ శతాబ్దినాఁటి యా శిలమీఁది యేడవ శాసనమునఁ బాషండులెల్లరు సర్వత్ర వసింపవలయునని రాజు కోరుచున్నాఁడు. ఇచ్చటఁ బాషండమనఁగా మతసంఘమని మాత్రమే యర్థము. తన పాషండమును బొగడి పరపాషండమును దెగడువాఁడు తనదానికే కీడు చేసికొనునని చెప్పు పండ్రెండవ శాసనము జౌగడలోను ధౌళిలోను లేదు. కళింగయుద్ధమును వర్ణించు పదుమూఁడవదానితోఁ గూడ నదియు నిచ్చట విడువఁబడినది. ఆంధ్రదేశమున ఎఱ్ఱగుడిలో నా రెండును గలవు. పిమ్మటఁ గళింగము నేలిన ఖారవేలుఁడు తాను జైనుఁడయ్యు హాథిగుంఫా శాసనమున సర్వపాషండపూజకుఁడనని చెప్పుకొనెను. నేఁడట్టి బిరుదమును గోరువాఁ డెవఁడు?

అమరసింహుఁడును బాషండశబ్దమునకు వివిధలింగధారులను సామాన్యార్థమునే యిచ్చెను. పిమ్మటివారు ‘పా’ యనఁగా వేదధర్మమని కల్పించి, దానిని ఖండించువారు పాషండులని వ్యుత్పత్తి చెప్పిరి. ఇది శబ్దమునుండి యర్థమును రాఁబట్టుట కాదు. అర్థమును ముందుగ నిర్ణయించుకొని, శబ్దమును విఱిచి దాని కతికించుట. పరిషత్సంబంధియగు పార్షదశబ్దమే ప్రాకృతమునఁ బాసండమయ్యెనను కొందఱి యూహ యింతకంటె నుచితము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమునఁ బాషండస్థులు జూదరులతోడను గ్రూరులతోడను జేర్పఁబడి పురమునుండి వెడలఁగొట్టఁదగినవారైరి. సర్వత్ర వసింపుఁడని యొక రాజు పిలిచినవారికి, పురమున నిలువనీడ లేకపోయెను.

అశోకుని బిరుదమునకును నిదే గతి పట్టినది. ‘దేవానాంప్రియ’ శబ్దమున షష్ఠికి లోపము లేదని మాత్రమే కాత్యాయనుని వార్తికము. సూత్రము ‘షష్ఠ్యా ఆక్రోశే’ యగుటచే నిందార్థము ప్రక్కనే పొంచియుండెను. సిద్ధాంతకౌముది నాఁటికి ‘మూర్ఖే’ యను పదము చేరినది. కౌముది చదివిన బాలునకు దేవతలకుఁ బ్రియుఁడు మూర్ఖుఁడే.

మతాంతరులను రాక్షసపక్షమునఁ జేర్చుటకు విష్ణుపురాణ తృతీయాంశమునందలి మాయామోహుని కథ ముఖ్యాధారము. దైత్యులు వేదమార్గమునఁ దపము చేసి దేవతలను గెలువఁగా, విష్ణువు మాయామోహుని సృజించెను. వాఁడు బోడితలతో, దిగంబరుఁడై, నెమలిపింఛముఁ బూని బోధింపఁగా దైత్యు లార్హతులైరి. మఱల నెఱ్ఱవలువలు దాల్చి బోధింపఁగా బౌద్ధులైరి. ఇఁక జైనునితో వాదింపఁబని లేదు; వాని మతము రాక్షసులను జెఱుచుటకుఁ బుట్టినదన్నఁ జాలును. ఆ వెంటనే శతధనువను రాజు కథ. వ్రతదినమునఁ బాషండునితో సంభాషించిన పాపమున వాఁడు కుక్క, నక్క, తోఁడేలు, గ్రద్ద, కాకి, నెమలి జన్మము లెత్తెను. హింసకు ముందుగ నిచ్చట మాటయే నిషిద్ధమైనది. వెన్నెలకంటి సూరన యీ పురాణమును దెనిఁగించుటచే సంస్కృతము రానివారికిని గథ యెఱుకపడెను.

దైవము ప్రకృతి, దయ్యము వికృతియని పాఠశాలలలో నేర్పుదురు. పూర్వము దయ్యమనఁగా విధియు, దేవుఁడును. నేఁడు పిశాచము మాత్రమే. పారసీకమునను ‘దైవ’ శబ్ద మిట్లే దిగజాఱినది. క్రీ. పూ. 5వ శతాబ్దిలో జర్‌క్సీసు చక్రవర్తి దైవాలయమును గూల్చి దైవపూజను నిషేధించితినని శాసనము వ్రాయించెను. ఒకరి దేవుఁడు వేఱొకరికి దయ్యమగుట గడచిన కథ కాదు. ఇరాకునందలి సింజారు కొండల యజీదులు మయూరదేవదూతను గొలుతురు. అతఁడు సైతానని పొరుగువా రెంచుటచే ననేక పర్యాయములు హింసింపఁబడిరి. 2014 ఆగస్టున వారిలో వేలకొలఁది జనులు చంపఁబడిరి, చెఱపట్టఁబడిరి.

ఆంధ్రదేశమున జైనులకు మొదట నిట్టి భయము లేదు. పూర్వచాళుక్యుఁడగు రెండవ యమ్మరాజు (945–970) చామెకాంబ కోరికపై, అత్తిలినాటి కలుచుంబఱ్ఱు గ్రామమును జైనాచార్యుఁడగు అర్హనందికి నిచ్చెను. సర్వలోకాశ్రయ జినభవనపు భోజనశాలను బాగుచేయుట దాని ప్రయోజనము. రాజు స్వయముగ మాహేశ్వరుఁడయ్యు జినభవనమున నన్నము వండు చోటిని గుఱించి యాలోచించెను. విమలాదిత్యుని (1011–1018) గురువగు త్రికాలయోగి సిద్ధాంతదేవుఁడు రామతీర్థపు కొండను సేవించెనని యచ్చటి శాసనము తెలుపును. గాంగుల యేలుబడిలో 1187లోఁగూడ భోగపురమున రాజరాజ జినాలయము వెలసినది.

పదుమూఁడవ శతాబ్దినుండి స్వరము మాఱినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున జైనుల యోటమి భక్తుల వీరకృత్యముగఁ గీర్తింపఁబడినది. కావ్యమునందలి యుత్సాహమును జరిగిన పనిగాఁ దలఁపరాదు. కాని శ్రీశైలమున మల్లికార్జునాలయ స్తంభములయందలి సంస్కృతశాసనము కావ్యము కాదు. శకవర్షము 1433, అనఁగా క్రీ. శ. 1512 నాఁటి యా శాసనమున శాంతుని కుమారుఁడగు లింగఁడను వీరశైవనాయకుఁడు తాను గుడికిఁ జేసిన సేవలను వరుసగఁ జెప్పి, శ్వేతాంబరుల తలలు నఱకుటనుగూడఁ దన ఘనతలలో నొకటిగఁ జేర్చెను. ఇది శత్రువు మోపిన నేరము కాదు, చేసినవాఁడు చెప్పుకొన్న పుణ్యము. అందుచేతనే దానిని ద్రోసిపుచ్చ వీలులేదు. ఆంధ్రజైను లెల్లరు నిట్లే నశించిరని దీనిచే సాధింపఁజూచుట మాత్రము తొందరపాటు. రాజాదరణము సన్నగిల్లుటయుఁ బెద్ద కారణమే. ఆంధ్రశాసనములలోఁ గానవచ్చు మునులు మిక్కిలిగ దిగంబర యాపనీయ శాఖలవారు. లింగఁడు చెప్పునది శ్వేతాంబరులను. నఱకినవాఁడు వారి శాఖ నెఱిఁగియే వ్రాయించెనో, లేక జైనుఁడన్న నెవఁడైన నొకటే యనుకొనెనో!

కడప మండలమున, జమ్మలమడుగు ప్రాంతమునఁ బెన్నేటి యొడ్డున నొక గ్రామము గలదు. రాష్ట్రకూట నిత్యవర్షుఁడు శాంతినాథుని స్నపనమునకై యచ్చట శిలాపీఠము చేయించెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లఁ ద్రవ్వఁగా జినాలయము, తీర్థంకరవిగ్రహములు బయల్పడినవి. ఇసుకలోఁ గూరుకొనిన యా చోటును జనులు తరతరములుగఁ బిలుచు పేరు దానవులపాడు.