సిటీ బ్రెయిన్
చైనాలోని హాంగ్‌జౌలో 2016లో అలీబాబా సంస్థ మొదలుపెట్టిన నగర నిర్వహణ వ్యవస్థ. రూపశిల్పి అలీబాబా క్లౌడ్ వ్యవస్థాపకుడు వాంగ్ జియాన్. కూడళ్లలోని కెమెరాల దృశ్యాలను విశ్లేషించి, రద్దీని బట్టి పచ్చదీపం ఎంతసేపు వెలగాలో ఇది లెక్కగడుతుంది. ప్రమాదాలను పసిగట్టి పోలీసులకు కబురందిస్తుంది. హాంగ్‌జౌలోని షియావోషాన్ ప్రాంతంలో అంబులెన్సు వెళ్లే దారిలో సిగ్నళ్లను ముందే పచ్చగా మార్చడం దీని ప్రయోజనాల్లో అన్నిటికన్నా స్పష్టమైనది. 2018లో మలేసియా దీన్ని కౌలాలంపూర్‌కు తేనున్నట్టు ప్రకటించింది. ఇంత నిఘా సమాచారం ఒకేచోట పోగుపడటంపై విమర్శలున్నాయి, అవి కొట్టిపారేయదగ్గవి కావు. హాంగ్‌జౌ ఈ వ్యవస్థ కోసమే చేసిన నగర చట్టం 2021 మార్చిలో అమల్లోకి వచ్చింది. వాహనాల కదలికను లెక్కగట్టడం ఒక ఎత్తు, పౌరుడు రాసిన ఫిర్యాదును చదివి సరైన శాఖకు పంపడం మరో ఎత్తు. ఈ రెండో పనికి పెద్ద భాషా నమూనాలు వచ్చాయి: 2025లో షెన్‌జెన్‌లోని ఫుటియన్ జిల్లా డీప్‌సీక్ అనే భాషా నమూనా ఆధారిత డిజిటల్ సహాయకులను ప్రభుత్వ కార్యాలయాల్లో వాడకంలోకి తెచ్చింది.