మరమ్మతుకూ మార్పుకూ నడుమ: సాలూరు లారీ, స్టీరింగ్ చరిత్ర

వ్యాససంగ్రహం:
లారీ ఛాసిస్‌ను, స్టీరింగ్‌ను కర్మాగారం తయారుచేస్తుంది. బాడీని పట్టణంలోని పనివారు కడతారు. ఈ రెండు శ్రమలూ కలిసే చోట మరమ్మతు ఎక్కడ ముగుస్తుంది, మార్పు ఎక్కడ మొదలవుతుంది అనే ప్రశ్న తలెత్తుతుంది. ఘాట్ మార్గంలోని లారీ కేంద్రమైన సాలూరును నేపథ్యంగా స్వీకరించి ఆ ప్రశ్న చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సాలూరు, లారీ, స్టీరింగ్, ఘాట్ రోడ్డు, మోటారు వాహనాల చట్టం.

1. ఉపోద్ఘాతం:
వేగావతీ నది ఒడ్డున ఉన్న సాలూరు మైదానానికీ తూర్పుకనుమలకూ నడుమ గుమ్మం వంటిది. బొబ్బిలి నుండి రైలుమార్గం 1913లో ఇక్కడికి చేరి, ఇక్కడే ఆగిపోయింది. 1931లో పూర్తయిన రాయపూర్ మార్గం పార్వతీపురం మీదుగా సాగింది. అందువల్ల సాలూరు నుండి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కవలసిన సరుకుకు రోడ్డే ఆధారమైంది. పూర్వం 43వ జాతీయ రహదారిగా, నేడు 26వ జాతీయ రహదారిగా వ్యవహరించే ఈ దారే సాలూరును లారీల పట్టణంగా మలచింది. రాష్ట్రంలో విజయవాడ తరువాత లారీ పరిశ్రమకు సాలూరునే చెప్పుకోవడం పరిపాటి.

2. సగం కర్మాగారం, సగం పట్టణం:
1954లో టెల్కో సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీని ప్రారంభించింది. మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారింది. ఈ సంస్థల నుండి యజమాని చాలాకాలం కొన్నది పూర్తి వాహనం కాదు. ఇంజను, చక్రాలు, స్టీరింగ్ ఉన్న ఛాసిస్ మాత్రమే. క్యాబిన్, తొట్టి, డ్రైవరు సీటు బాడీ షెడ్లలో రూపొందేవి.

అమెరికాలో 1930ల నుండి యువకులు పాత ఫోర్డు కార్లను విప్పి, ముందు ఇరుసును దించి, స్టీరింగ్ బాక్సును మార్చి ‘హాట్ రాడ్’లను తయారుచేసుకున్నారు. హర్యానాలోని మండీ డబ్వాలీ ఇదే తరహాలో మార్చిన జీపులకు పేరుపొందింది. అక్కడ మార్పుకు మూలం సరదా. లారీ పట్టణంలో బతుకుతెరువు. అయినా సాంకేతిక సమస్య ఒక్కటే.

3. స్టీరింగ్ వ్యవస్థ - మార్పులోని ప్రమాదం:
డ్రైవరు తిప్పిన చక్రం బలం స్టీరింగ్ బాక్సు ద్వారా డ్రాప్ ఆర్మ్‌కు, దాని నుండి డ్రాగ్ లింక్‌కు, చివరకు కింగ్ పిన్ చుట్టూ తిరిగే స్టబ్ యాక్సిల్‌కు చేరుతుంది. రెండు ముందు చక్రాలనూ టై రాడ్ కలుపుతుంది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణంలో తిరగాలి. ఈ సూత్రాన్ని 1817లో జర్మనీలో లాంకెన్‌స్పెర్గర్ గుర్రపు బండికి రూపొందించగా, 1818లో అకర్‌మన్ ఇంగ్లండులో పేటెంట్ పొందాడు.

ఈ గొలుసులో ఒక్క కొలత మారినా ఫలితం మారుతుంది. కమాన్ పట్టీ వంగినప్పుడు ఇరుసు ఒక చాపంలో కదులుతుంది. డ్రాగ్ లింక్ మరొక చాపంలో కదులుతుంది. రెండూ పొసగకపోతే గోతిలో పడిన చక్రం డ్రైవరు ప్రమేయం లేకుండానే పక్కకు తిరుగుతుంది. పోతపోయకుండా సాగగొట్టి, పదును పెట్టి చేసిన డ్రాప్ ఆర్మ్‌కు వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన ఉక్కు పెళుసుబారే అవకాశం ఉంది. మైదానంలో ఇది లోపం మాత్రమే కావచ్చు. బరువుతో ఘాట్ దిగే లారీకి ప్రాణాంతకం.

4. మార్పుకు దారితీసిన అవసరాలు:
ఎడమవైపు స్టీరింగ్ ఉన్న వాహనాన్ని కుడివైపుకు మార్చడం ఒక అవసరం. అందుకు స్టీరింగ్ బాక్సు, దాని బ్రాకెట్టు, లింకులు, పెడళ్లు అన్నీ స్థానం మారాలి. రెండవది పవర్ స్టీరింగ్. 1926లో ఫ్రాన్సిస్ డేవిస్ అమెరికాలో ప్రదర్శించిన ఈ విధానం 1951లో క్రైస్లర్ కార్లలో అమ్మకానికి వచ్చింది. భారతదేశంలో పుణె కేంద్రంగా జడ్‌ఎఫ్ స్టీరింగ్ గేర్ సంస్థ 1981లో ఏర్పడింది. వరుస మలుపుల్లో భుజాలు నొప్పెట్టే డ్రైవరుకు ఇది పెద్ద ఉపశమనం. అయితే పాత లారీకి పంపు, ఆయిల్ గొట్టాలు, కొత్త బాక్సు అమర్చినంత మాత్రాన పని పూర్తికాదు. పెరిగిన బలాన్ని బ్రాకెట్టు, ఛాసిస్ పట్టీ తట్టుకోవాలి.

5. చట్టం గీసిన గీత:
1939 మోటారు వాహనాల చట్టం మార్పులను నమోదు అధికారికి తెలపాలన్నది. 1988 చట్టంలోని 52వ సెక్షన్‌ను 2000లో సవరించి, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చరాదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని దృఢపరిచింది. అదే ఏడాది సవరణ అటువంటి ప్రతి మార్పుకు రూ.5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చన్నది.

మరోవైపు 1989 కేంద్ర నిబంధనల్లోని 98వది స్టీరింగ్‌లో ప్లే 30 డిగ్రీలు మించరాదనీ, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలనీ, బోల్టులు కదలకుండా బిగించి ఉండాలనీ ఆదేశిస్తుంది. అంటే చట్టం మార్పును నిషేధిస్తూనే మరమ్మతును బాధ్యతగా విధించింది. అరిగిన జాయింటును విప్పి సరిచేయని మెకానిక్ వల్ల ఈ నిబంధన అమలు కాదు. కొలత మార్చి బిగించిన మెకానిక్ వల్ల 52వ సెక్షన్ ఉల్లంఘన అవుతుంది. రెండింటి మధ్య దూరం ఒక్కోసారి ఒక లింకు పొడవు మాత్రమే.

6. ముగింపు:
బాడీ కట్టడంలో పట్టణ పనివారికి ఉన్న స్వేచ్ఛ స్టీరింగ్ దగ్గర ఆగాలనడం న్యాయమే. బాడీలో తప్పు జరిగితే సరుకు పాడవుతుంది. స్టీరింగ్‌లో జరిగితే ఎదురుగా వచ్చే మనిషి పోతాడు. కాని ఆ గీతను జరిమానా ఒక్కటే కాపాడలేదు. ఘాట్ దిగిన లారీ కిందికి దూరి, టై రాడ్‌ను చేత్తో కదిపి చూసే మెకానిక్ ఈ నిబంధనకు తొలి పరీక్షకుడు. అతని చేతికి తెలిసిన కొలతకూ, తయారీదారు నిర్దేశించిన కొలతకూ వంతెన వేసే శిక్షణ, గుర్తింపు లభించినప్పుడే మరమ్మతు మార్పుగా జారిపోకుండా ఉంటుంది.