వయోధిక రోగులలో మూత్రపిండ మార్పిడి: ఉద్దానం నేపథ్యంలో రోగనిరోధక వ్యవస్థ వార్ధక్యం

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకున్న అరసవల్లికి ఈశాన్యంగా, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల నడుమ విస్తరించిన ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి మధుమేహం గానీ అధిక రక్తపోటు గానీ లేనివారికి, అందునా పొలం పనులు చేసుకునేవారికి ఎక్కువగా వస్తోంది. కారణం నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మరణించిన దాతల అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవడానికి ఉన్న 65 ఏళ్ల పరిమితిని కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది ఎత్తివేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నమోదు జీవన్‌దాన్ పథకం ద్వారా జరుగుతుంది. అయితే జాబితాలో చోటు దొరికిన వృద్ధుని శరీరం పరాయి మూత్రపిండాన్ని ఎలా స్వీకరిస్తుందన్నది వేరే ప్రశ్న.

రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో పరిపక్వమయ్యే టి-కణాలే పరాయి కణజాలాన్ని గుర్తుపట్టి దాడికి దిగుతాయి. యౌవనం దాటాక ఈ గ్రంథి క్రమంగా కొవ్వుగా మారిపోవడంతో కొత్త టి-కణాల పుట్టుక తగ్గి, పాత అంటువ్యాధులను ఎదుర్కొన్న జ్ఞాపక కణాలు పేరుకుంటాయి. వాటికి తోడు ఒంట్లో సన్నని మంటలా ఎడతెగని వాపు ప్రక్రియ సాగుతుంది. కొత్త టి-కణాలు తగ్గడం వల్లనే వృద్ధ గ్రహీతలలో తీవ్ర తిరస్కరణ, అంటే కొత్త మూత్రపిండంపై శరీరం చేసే దాడి, యువకులలో కంటే తక్కువగా కనిపిస్తుంది. అదే సమయంలో సైటోమెగలో వైరస్, క్షయ, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్లు ఎక్కువై, మూత్రపిండం చక్కగా పనిచేస్తుండగానే రోగి మరణించే సందర్భాలు పెరుగుతాయి. దాత వయసు దీనికి ఎదురు తిరుగుతుంది: వయసు మళ్లిన మూత్రపిండం గ్రహీత నిరోధక కణాలను ఎక్కువగా రెచ్చగొడుతుంది. 65 దాటిన దాతల మూత్రపిండాలను 65 దాటిన గ్రహీతలకే కేటాయించేలా యూరోట్రాన్స్‌ప్లాంట్ సంస్థ 1999లో మొదలుపెట్టిన కార్యక్రమంలో నిరీక్షణ కాలం తగ్గినా, కణజాల పోలిక చూడకపోవడం వల్ల తిరస్కరణ సమస్య తలెత్తింది. తల్లి బిడ్డకు మూత్రపిండం ఇవ్వడం పరిపాటి అయిన మన కుటుంబాలలోనూ దాత వయసును తేలిగ్గా తీసుకోరాదు.

ఉద్దానం విషయంలో ఇంతకంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. మూత్రపిండాలు వడగట్టలేక రక్తంలో పేరుకునే మలినాలు టి-కణాలను అకాలంగా ముసలివి చేస్తాయని, వాటి వయసు రోగి అసలు వయసు కంటే దాదాపు రెండు దశాబ్దాలు ముందుంటుందని, మార్పిడి తరువాత కూడా అది వెనక్కి మళ్లదని రోటర్‌డామ్ పరిశోధకులు చూపారు. ఈ లెక్కన నలభై అయిదేళ్లకే డయాలిసిస్‌కు చేరిన ఉద్దానం రైతు నిరోధక శక్తి పరంగా వృద్ధుల కోవలోకి రావచ్చు. ఆధార్ కార్డులోని వయసును బట్టి మాత్రమే తిరస్కరణను ఆపే మందుల మోతాదు నిర్ణయించడం అతనికి న్యాయం చేయదు. నిరోధక శక్తి ఇలా తగ్గడం వల్ల హెపటైటిస్-బి టీకా కూడా డయాలిసిస్ రోగులలో సరిగా పట్టదు కనుక దానిని వ్యాధి ముదరక ముందే వేయడం మేలు.

మోతాదు అనగానే టాక్రోలిమస్ ప్రస్తావన వస్తుంది. తిరస్కరణను ఆపే ఈ మందు రక్తంలో తగ్గితే మూత్రపిండానికి, పెరిగితే రోగికి ప్రమాదం. వృద్ధులలో కాలేయం దానిని నెమ్మదిగా వదిలించుకోవడం వల్ల ఈ హద్దు మరింత ఇరుకు. దాని స్థాయిని ఉదయపు మాత్రకు ముందే కొలవాలి కాబట్టి, విశాఖపట్నంలో వైద్యం పొందే అరసవల్లి రోగి మాత్రను జేబులో ఉంచుకుని వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, రక్తం ఇచ్చాకే దానిని వేసుకోవలసి ఉంటుంది. మార్పిడి జరిగిన తొలి నెలల్లో మందుల మోతాదు ఎక్కువగా ఉండి ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది గనుక, రథసప్తమి నాటి అరసవల్లి సూర్యదేవాలయ రద్దీకి దూరంగా ఉండమని వైద్యులు చెప్పవలసి వస్తుంది. ఆరోగ్యం కోసమే ఆ స్వామిని కొలిచే ప్రాంతంలో ఈ మాట రోగి చెవికెక్కడం అంత సులభం కాదు.