బాండల్ వలయము - వినరాని ధ్వని

కాన్పు జాగగుచున్నదన్న మాట చెవిని పడగానే ఇంటి పెద్దల గుండెలు జారును. ఆ జాగునకు కారణము ఒక్కటి కాదు. నొప్పులు చాలకపోవచ్చును, లేదా నొప్పులు బలముగనే యున్నను బిడ్డకు దారి లేకపోవచ్చును. మొదటి స్థితిలో నొప్పులు పెంచు మందు మేలు చేయును. రెండవ స్థితిలో అదే మందు తల్లి ప్రాణము మీదికి తెచ్చును.

ఈ రెండవ స్థితిని 1875లో వియన్నాకు చెందిన వైద్యుడు లుడ్విగ్ బాండల్ విశదముగ వర్ణించెను. బిడ్డ తల కటి యెముకల నడుమ చిక్కుకొన్నపుడు గర్భకోశపు పైభాగము ముడుచుకొని దళసరి యగును; క్రిందిభాగము సాగి సాగి పలుచనగును. రెంటి నడుమ ఒక కట్టు ఏర్పడి మెల్లగా పైకి జరుగును. అదియే బాండల్ వలయము. పొట్టపై అడ్డముగ పడిన గాడిని చూచి, చేతితో తడిమి దానిని గుర్తించెడివారు. అయితే గాడి పైకి కనబడు వేళకు గర్భకోశము చిట్లుటకు సిద్ధమై యుండును.

చేతికందని లోపలి గోడను చూపగల సాధనము ప్రసూతిశాలలో పుట్టలేదు, బాయిలర్ల కర్మాగారమునుండి వచ్చినది! గ్లాస్గో ఆచార్యుడు అయాన్ డొనాల్డ్ యుద్ధకాలమున బ్రిటిషు వైమానిక దళమున పనిచేసి రాడారు సంగతు లెరిగినవాడు. 1955 జూలై 21న ఆయన శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను రెండు కార్లలో వేసికొని రెన్‌ఫ్రూ పట్టణమునకు పోయెను. లోహములోని పగుళ్లను శ్రవణాతీత ధ్వనితో వెదకు యంత్రము అచట నుండెను. పోల్చి చూచుటకు కర్మాగారమువారు ఒక పెద్ద మాంసపు ముక్కను తెప్పించి యుంచిరట. నీటితిత్తి ఒక విధముగ, గట్టిగడ్డ మరియొక విధముగ ప్రతిధ్వని నిచ్చినవి. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలసి ఆయన 1958లో లాన్సెట్ పత్రికలో తమ ఫలితములను ప్రకటించెను.

వారు వెదకినవి గడ్డలే, వలయము కాదు. కాని తరువాతి వైద్యులు ఆ ధ్వనితోనే గర్భకోశపు గోడను చూడగలిగిరి: పైన దళసరి, క్రింద పలుచన, నడుమ లోనికి పొడుచుకొని వచ్చిన కట్టు. అది కనబడినచో నొప్పుల మందు నాపి సిజేరియన్‌కు సిద్ధపడవలెను. నొప్పి బలమెంతయో మాత్రము ఆ చిత్రము కొలిచి చెప్పజాలదు.

యంత్రములు లేని ఊళ్లకు పనికివచ్చు ఉపాయమును 1972లో ఫిల్పాట్, కాసిల్ అను వైద్యులు నేటి జింబాబ్వేలో చూపిరి. గర్భద్వారము తెరచుకొను తీరును గుర్తించు ఒక కాగితము. దానిపై నాలుగు గంటల ఎడముతో రెండు గీతలు. మొదటిది దాటినచో పెద్దాసుపత్రికి పంపవలెను; రెండవది దాటినచో తగిన చికిత్స జరుగవలెను.