ఆదాయం లేని విద్యార్థికి క్రెడిట్ కార్డు: ఎలా ఇస్తారు, బకాయి పడితే భారం ఎవరిది?

ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్న విద్యార్థికి జీతం ఉండదు. ఆదాయపు పన్ను రిటర్నూ ఉండదు. అయినా జేబులో క్రెడిట్ కార్డు ఉండొచ్చు. ఆ కార్డు ఏ దారిలో వచ్చిందో దాన్ని బట్టే, బిల్లు కట్టలేనప్పుడు భారం ఎవరి మీద పడుతుందో తేలుతుంది.

దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 ఫిబ్రవరిలో 10 కోట్లు దాటింది. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి లింకు చేసుకునే సౌకర్యం 2022 సెప్టెంబరులో మొదలైంది. దీంతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టే చిన్న మొత్తం కూడా అప్పు ఖాతాలోకి వెళ్లే అవకాశం ఏర్పడింది. ఖాతాలో డబ్బు తీస్తున్నామా, అప్పు చేస్తున్నామా అన్న తేడా ఫోన్ తెరపై పెద్దగా కనిపించదు.

విద్యార్థికి కార్డు వచ్చే దారులు

18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చట్టప్రకారం చెల్లదు. కాబట్టి మైనర్ పేరు మీద సొంత క్రెడిట్ కార్డు ఇవ్వరు. 18 దాటినా, దరఖాస్తుదారు సొంత ఆర్థిక స్తోమతను చూసి రిస్కును అంచనా వేశాకే కార్డు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టం చేసింది. అంతకుముందు సర్క్యులర్లలోనైతే విద్యార్థులను ప్రత్యేకంగా ప్రస్తావించి మరీ బ్యాంకులను హెచ్చరించింది.

అందువల్ల విద్యార్థులకు సాధారణంగా రెండు దారులుంటాయి.

మొదటిది యాడ్-ఆన్ కార్డు. తండ్రి లేదా తల్లి కార్డుకు అనుబంధంగా పిల్లలకు ఇస్తారు. ఖర్చు ఎవరు చేసినా చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన కార్డుదారుదే.

రెండోది ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. డిపాజిట్ మొత్తంలో కొంత శాతాన్ని లిమిట్‌గా ఇస్తారు. బకాయి తీర్చకపోతే బ్యాంకు ఆ డిపాజిట్‌లోంచి మినహాయించుకుంటుంది. కార్డు ఉన్నంతకాలం ఆ డిపాజిట్‌ను వెనక్కి తీసుకోవడం కుదరదు.

వీటికి తోడు 'పే లేటర్' యాప్‌లు ఉన్నాయి. పేరు ఏదైనా, వెనుక బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో ఉంటే అది అప్పే. ప్రీపెయిడ్ కార్డుల్లోకి, వాలెట్లలోకి అప్పు సొమ్మును నింపడం కుదరదని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌లో చెప్పింది. దాంతో కార్డులా కనిపించే కొన్ని ఫిన్‌టెక్ సేవలు తమ పద్ధతిని మార్చుకోవాల్సి వచ్చింది.

'మినిమం డ్యూ' లెక్క

బిల్లులో రెండు అంకెలుంటాయి: మొత్తం బకాయి, కనీసం కట్టాల్సిన మొత్తం. రెండోది తరచూ బకాయిలో 5 శాతం దగ్గర ఉంటుంది. అది కడితే ఆలస్య రుసుం పడదు. వడ్డీ మాత్రం ఆగదు.

ఉదాహరణకు, రూ.20,000 బకాయి ఉందనుకుందాం. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. కొత్తగా ఏమీ కొనకుండా నెలకు రూ.1,000 చొప్పున కడుతూ పోతే:

- మొదటి నెల కట్టిన రూ.1,000లో రూ.665 వడ్డీకే సరిపోతుంది. బకాయి తగ్గేది రూ.335.
- 12 నెలల్లో రూ.12,000 కట్టాక కూడా సుమారు రూ.15,100 మిగిలే ఉంటుంది.
- వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ దీనికి అదనం.

బిల్లు పూర్తిగా కట్టనివారికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా ప్రత్యేక రుసుం.

ఈ వడ్డీకి పైపరిమితి లేదా? ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

స్కోరు మీద ప్రభావం

సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. డిపాజిట్ మీద తీసుకున్న కార్డును సక్రమంగా వాడితే చదువు పూర్తయ్యేసరికి మంచి రుణ చరిత్ర తయారవుతుంది. ఇది నిజమైన ప్రయోజనమే.

బకాయి పడితే దెబ్బా నిజమే. యాడ్-ఆన్ కార్డు బిల్లు ఆగితే మచ్చ పడేది తండ్రి లేదా తల్లి స్కోరుకు. రేపు పైచదువుకు విద్యారుణం కావాలంటే సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాల్సింది సాధారణంగా వారే. ఎంఎస్ కోసం విదేశాలకు వెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలు గమనించాల్సిన విషయం ఇది.

గడువు దాటి మూడు రోజులు మించితేనే ఖాతాను బకాయి పడినట్టు నమోదు చేయాలి, ఆలస్య రుసుం వేయాలి. ఆ రుసుం కూడా మిగిలిన బకాయి మీదే లెక్కించాలి, మొత్తం బిల్లు మీద కాదు. పూర్తి క్రెడిట్ రిపోర్టును ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ నుంచి ఏడాదికోసారి ఉచితంగా పొందొచ్చు.

విద్యార్థికి ఉన్న హక్కులు

- అడగకుండా కార్డు ఇవ్వకూడదు. ఇచ్చి బిల్లు వేస్తే దాన్ని రద్దు చేయడమే కాక, ఆ మొత్తానికి రెట్టింపు జరిమానాగా చెల్లించాలి.
- బకాయి లేని కార్డును మూసేయమని కోరితే 7 పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 కార్డుదారుకు ఇవ్వాలి.
- వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులను, స్నేహితులను వేధించకూడదు.
- ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది.

మోసం లేకుండా కేవలం కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. 'రేపే అరెస్టు' అనే ఫోన్లకు భయపడి మరో యాప్‌లో అప్పు తీసుకోవాల్సిన పని లేదు. ఇంట్లో చెప్పి, బ్యాంకును వాయిదాల పద్ధతి అడగడం మేలు. ఆ వాయిదాల వడ్డీ కార్డు వడ్డీ కంటే తక్కువ ఉందో లేదో చూసుకోవాలి.

అమెరికాలో ఏం చేశారు?

అక్కడ కాలేజీ ప్రాంగణాల్లో కానుకలు పంచి కార్డులు అంటగట్టడం ఒకప్పుడు మామూలు. 2009లో తెచ్చిన కార్డ్ చట్టం దానికి అడ్డుకట్ట వేసింది. 21 ఏళ్లలోపువారు సొంత ఆదాయాన్నైనా చూపాలి, లేదా 21 దాటిన మరొకరి పూచీనైనా తేవాలి. అక్కడికి చదువుకు వెళ్లే మన విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది.

భారత్‌లో అలాంటి ప్రత్యేక వయోపరిమితి చట్టం లేదు. 18 నిండితే సంతకం చెల్లుతుంది. కాబట్టి సంతకం చేసే ముందు చూడాల్సింది కార్డు లిమిట్ ఎంతని కాదు. వచ్చే నెల బిల్లు మొత్తం ఏ డబ్బుతో కడతామన్నది.