నమూనా విమానము – రూపరేఖ

స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు నమూనా ఒకటి చేతికి వచ్చినపుడు, అది బాగా కుదిరినదా లేదా అని తెలిసికొనుటకు దాని రంగులను ముందుగా చూడనక్కరలేదు. వెలుతురుకు అడ్డముగా ఎత్తిపట్టి, నల్లని నీడవలె కనిపించు ఆకారమును చూడవలెను. ఈ పరీక్ష వినోదమునకై పుట్టినది కాదు.

1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటన్ జర్మనీపై యుద్ధము ప్రకటించినది. 6వ తేదీ ఉదయము, శత్రువిమానములు వచ్చుచున్నవన్న తప్పుడు హెచ్చరికపై 56వ దళమునకు చెందిన హరికేన్ విమానములు పైకి లేచినవి. అవి కూడ బ్రిటిష్ విమానములే. అయినను 74వ దళపు స్పిట్‌ఫైర్ పైలట్లు వాటిని జర్మనువారివిగా భ్రమించి రెండింటిని కూల్చివేసినారు. హల్టన్-హారప్ అను పైలట్ మరణించినాడు. శత్రువు ఇంకను రానే లేదు!

దూరముననున్న విమానముపై గుర్తులు చదువుటకు రావు, రంగు తెలియదు. మిగులునది రూపరేఖ ఒక్కటే. అందుచేత 1942లో అమెరికా నౌకాదళము గుర్తింపు శిక్షణ కొరకు 5,00,000 నమూనాలు కావలెనని కోరినది. వాటిని కొయ్యతో చెక్కినవారిలో ఎక్కువమంది హైస్కూలు విద్యార్థులు. కొలత 72వ వంతు, అనగా అసలు విమానములోని ఆరడుగులు నమూనాలో ఒక అంగుళము. ఇట్టి నమూనాను 35 అడుగుల దూరమున నిలిపినచో 2,520 అడుగుల దూరమున, అనగా సుమారు అర మైలున, అసలు విమానమెట్లుండునో అట్లే కనిపించును. వాటికి నల్లరంగు పూసెడివారు. కొలత తప్పిన నమూనా లేనిదానికన్న హీనము. అది తప్పును కంఠస్థము చేయించును.

ఈ దృష్టితో చూచినచో స్పిట్‌ఫైర్ నమూనా చేయుట తేలిక పని కాదు. మిచెల్ రూపకల్పనలో ఈ విమానము 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరినది. మరుసటి యేడే ఆయన కన్నుమూసినాడు. దీని రెక్క దీర్ఘవృత్తాకారము. పైకెత్తు బలము పుట్టునపుడు దానితోపాటు కలుగు గాలి నిరోధము ఈ ఆకారమువలన తగ్గును; రెక్క పలుచగా ఉండియు, చక్రములకు, తుపాకులకు లోపల చోటు మిగులును. అయితే ముందు అంచు, వెనుక అంచు ఒకే వంపు గలవి కావు. వెనుక అంచు వంపే ఎక్కువ. రెండింటిని సమానముగా గుండ్రము చేసినవాడు స్పిట్‌ఫైర్‌ను గాక, దానిని గూర్చి విన్న మాటను చెక్కినట్లే. ఇంకొక సూక్ష్మము: రెక్క మొదట 2 డిగ్రీలు పైకి, కొనకు వచ్చుసరికి అర డిగ్రీ క్రిందికి మెలితిరిగి యుండును. నమూనాలో ఇది కంటికి ఆనుట కష్టము.

మందము సంగతి మరియొకటి. వెనుక అంచు నమూనాలో 1 మిల్లీమీటరు ఉన్నచో, అసలు విమానములో 72 మిల్లీమీటర్లు, దాదాపు మూడంగుళములు, ఉన్నట్లు లెక్క. ఇంత మొద్దు రెక్క ఏ విమానమునకు నుండును? అందుకే తెలిసినవారు గరుకు కాగితముతో ఆ అంచును ఓపికగా అరగదీయుదురు.

ఆకారము కుదిరిన తరువాతనే రంగులు, అక్షరములు. కొన్ని నమూనాల ప్రక్కభాగమున ‘యు.ఎం.’ అని ఉండును. అవి 1940 వేసవిలో వార్మ్‌వెల్ నుండి ఇంగ్లండు దక్షిణ తీరమును కాపాడిన 152వ దళపు గుర్తులు. నిజాము విరాళమువలన దానికి హైదరాబాదు దళమని పేరు వచ్చినది. దాని చిహ్నము నిజాము తలపాగా.