పార మనది, ప్రశ్న ఎవరిది?

చరిత్రకు ఆధారాలేవని అడిగితే మన విశ్వవిద్యాలయాలు శాసనాలు, నాణేలు, కైఫియత్తులు చూపిస్తాయి. దానశాసనం ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి పేరు చెబుతుంది. ఆ మడి దున్నినవాడి పేరు చెప్పదు. రాత లేనివాళ్ల చరిత్ర ఎట్లా రాయాలి? ఒక జవాబు మట్టిలో ఉంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో 1968లో చార్లెస్ ఫెయిర్‌బ్యాంక్స్ కింగ్‌స్లీ తోటలోని బానిసల గుడిసెలను తవ్వించారు. యజమాని కొలిచి ఇచ్చిన గింజల మీదే వాళ్లు బతకలేదని, వేటాడి, చేపలు పట్టి కడుపు నింపుకున్నారని అక్కడి ఎముకలు చెప్పాయి. యజమాని లెక్కల పుస్తకం దాచింది పొయ్యి పక్క మట్టి దాచలేదు.

అయితే ఉత్త తవ్వకం చాలదు. 1991లో న్యూయార్కులో ఒక ప్రభుత్వ భవనం కట్టబోతే ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. 419 మంది అవశేషాలు పైకి తీశారు. తమను అడక్కుండా ఇదేమిటని నల్లజాతి ప్రజలు ఆందోళనకు దిగారు. పరిశోధన హోవర్డ్ విశ్వవిద్యాలయానికి, మైకేల్ బ్లేకీ చేతికి వచ్చింది. వీళ్లు ఎక్కడివాళ్లు, ఎట్లా బతికారు, ఎట్లా ఎదిరించారు అనే ప్రశ్నలు ముందుకొచ్చాయి. 2003లో అవశేషాలను గౌరవంగా తిరిగి పూడ్చారు. ఎముకలు అవే, అడిగేవాళ్లు మారారు.

ఆ దారిలోనే కరీబియన్ దీవి సెయింట్ క్రాయ్‌లో సొసైటీ ఆఫ్ బ్లాక్ ఆర్కియాలజిస్ట్స్ వాళ్లు స్థానిక పిల్లలకు, నల్లజాతి కాలేజీ విద్యార్థులకు ఒక పాత చెరకు తోటలో తవ్వకం పని నేర్పారు. ఆ దీవి అప్పట్లో డెన్మార్కు వలస. అక్కడి బానిసలు 1848లో తిరగబడి విడుదల సాధించుకున్నారు. అదే డెన్మార్కు 1620 నుంచి 1845 దాకా మన తూర్పు తీరాన తరంగంబాడిని ఏలింది. కాబట్టి ఆ దీవి కథ మనకు మరీ దూరపుది కాదు.

ఇట్లాంటి చోట్లకు మన విద్యార్థులు వెళ్లాలి, అక్కడివాళ్లు మన వాడలకు రావాలి. ఈ మార్పిడిని మేం సమర్థిస్తున్నాం. మన దగ్గర తవ్వకమంటే విహారం, కోట, గుడి. తోలు ఊనిన లంద, తంగేడు చెక్క దంచిన రోలు, రంపె, ఆరె ఎవరికి పట్టాయి? 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన, చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువు పురావస్తువే. ఆ లెక్కన మన ముత్తాత రంపె కూడా పురావస్తువే కదా!

సమర్థిస్తున్నాం గానీ షరతులున్నాయి. ఇంగ్లీషు ధాటిగా మాట్లాడేవాళ్లకే సీట్లు పోతే ఇది ఇంకో విహారయాత్ర అవుతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు మొదటి సీటు ఇవ్వాలి. టికెట్టుతో పాటు, వాళ్లు లేనందువల్ల ఇంటికి పోయే కూలి కూడా లెక్కగట్టి ఇవ్వాలి. వాడ ఒప్పుకోకుండా పార వేయకూడదు. దొరికిన వస్తువు ఊరు దాటకూడదు, నివేదిక తెలుగులో రావాలి.

మాలో చాలామంది తల్లిదండ్రులు కూలికి మట్టి తవ్వినవాళ్లే. తవ్వడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పొరలు చదవడం, కొలతలు తీయడం, బొమ్మ గీయడం, రాయడం నేర్పండి. ఎక్కడ తవ్వాలో, దేనికోసం తవ్వాలో మేం చెబుతాం.